పంపులో గాలి

శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా గడియారం సార్ వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. నాలుగువైపులా తిరిగి, గుడ్డ అంచు బల్ల అంచుకు సరిగ్గా వచ్చేదాకా లాగి సర్దాడు. చేతిగడియారం విప్పినా ఇదే గుడ్డ, ఇదే తతంగం. ఈసారి దాని మీదకు రాబోయేది మాత్రం చిటికెనవేలి గోరంత సరుకు కాదు. కింద పార్కింగులో దాదాపు మూడు వారాలుగా కదలకుండా పడి ఉన్న కారులోంచి ఊడదీయాల్సిన పవర్ స్టీరింగ్ పంపు. రేపు సాయంత్రం నాలుగింటిలోగా అది బాగుపడాలి, మళ్లీ కారులోకి ఎక్కాలి. లేకపోతే అక్క చెప్పులు ఎవరికో ఇచ్చేస్తారు.

చెప్పుల సంగతి తరవాత. ముందు మనిషి సంగతి.

ముప్పయ్యెనిమిదేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు గనక ఆయనకా పేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఒకప్పుడు సొంత దుకాణం ఉండేది. ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ల దుకాణంలో ఓ మూల చిన్న గాజుగది, అందులో ఆయనా, ఒక దీపమూ, కంటికి బిగించుకునే భూతద్దమూ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడిగీ అడిగీ విసిగి మానేశారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఎవరైనా ఆగిపోయిన గడియారం తెచ్చిస్తే "మంగళవారం" అంటాడు. మంగళవారం వెళితే "అయింది" అంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈయనకు మనమంటే కోపమేమో అనుకుంటారు. కోపం లేదు, పాపం. మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియదు, అంతే.

ఆయనకున్నదల్లా ఒక్క అక్క. తల్లి పోయినప్పుడు ఈయనకు తొమ్మిదేళ్లు, ఆమెకు పదిహేడు. జడ వేసుకునే తీరిక లేక జుట్టు కత్తిరించేసుకుని, పనిలో చేరి, తమ్ముణ్ణి చదివించింది. తరవాత ఇరవైరెండేళ్లపాటు స్కూలు వ్యాను నడిపింది. వ్యానులో ఎంత గోల జరుగుతున్నా వెనక్కి తిరగకుండానే ఎవడు ఎవడి పెన్సిలు లాక్కున్నాడో చెప్పేసేది. కూడబెట్టుకున్న డబ్బుతో ఈ కారు కొనుక్కుంది. ఆరేళ్ల కిందట కళ్లు మసకబారి, చూస్తుండగానే చూపు మొత్తం పోయింది. "నేను నీ నెత్తిన కూర్చోనురా" అని తనకు తానే వృద్ధుల ఆశ్రమం వెతుక్కుని, గది కుదుర్చుకుని, కారు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టింది. "అమ్ముకుంటావో, నడుపుకుంటావో నీ ఇష్టం."

ఆయనకు అప్పటికి స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. యాభైమూడేళ్ల వయసులో, కుర్రకారు మధ్య నిలబడి డ్రైవింగు నేర్చుకున్నాడు. అప్పట్నించి ప్రతి ఆదివారం నాలుగింటికి ఆశ్రమం గేటు ముందు కారు ఆగుతుంది. ఆరింటికి తిరిగొస్తుంది. ఆ రెండు గంటలూ అక్క పక్కసీట్లో కూర్చుని, అరచెయ్యి ముందున్న డాష్‌బోర్డు మీద ఆనించి, చెవులతోనే కారు నడుపుతుంది.

"గేరు మార్చరా, ఏడుస్తోంది అది."

"ఊ."

"వంతెన దాటామా?"

"ఊ."

"నీతో మాట్లాడితే గొంతు నొప్పి నాకే గానీ నీకు రాదు."

అలాంటి ఒక ఆదివారమే మలుపులో స్టీరింగు ఉన్నట్టుండి బండలా బిగుసుకుపోయింది. కారు మలుపు తిరగకుండా నేరుగా కాలిబాట మీదకెక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ చూపులేని మనిషికి ఆ కుదుపు ఎలా ఉంటుందో ఆలోచించండి. అక్క రెండు చేతులతో తలుపు పట్టుకుని "చాలు! ఇంక చాలు, దింపెయ్ నన్ను!" అని అరిచింది. ఆయన ఒక్క ముక్క మాట్లాడకుండా, బలమంతా ఉపయోగించి స్టీరింగు తిప్పుకుంటూ, నత్తలా ఆమెను ఆశ్రమంలో దించి ఇంటికి చేరాడు. మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. పంపు లోపలి రబ్బరు సీలు పోయి నూనె కారిపోతోందన్నాడు. ఈ కారుకు కొత్త పంపు ఎక్కడా దొరకదు, పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యండి అన్నాడు. అలాగే నడిపితే ఈసారి కాలిబాటతో ఆగదని కూడా అన్నాడు.

బస్సులో వెళ్లి అక్కను చూసి రావచ్చుగా అని మీరడుగుతారు. వెళ్లొచ్చు. రెండు బస్సులు మారితే చాలు. కానీ ఆ హాల్లో ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని ఏం మాట్లాడతాడు? కారులో అయితే ఇద్దరూ ముందుకే చూస్తారు, మాట్లాడకపోయినా రోడ్డు మాట్లాడుతుంది. కారు లేకుండా తాను అక్కకు ఎందుకూ పనికిరానని ఆయన గట్టి నమ్మకం. తెలివితక్కువ నమ్మకమే, కానీ ఒంటరి మనిషి బుర్రలోకి ఒకసారి దూరిన ఆలోచనను బయటికి లాగేవాళ్లెవరు?

అందుకని రెండు వారాలూ ఆశ్రమం ఆఫీసుకు ఫోన్ చేసి "ఈ వారం రావడం కుదరదు" అని పెట్టేశాడు. శుక్రవారం అక్కడి నర్సమ్మే ఫోన్ చేసింది.

"సార్, పోయిన రెండు ఆదివారాలూ మీ అక్కగారు మూడున్నరకే తయారై గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. మీరు రారని చెప్పినా లేవలేదు, ఆరయ్యాక తీసుకొచ్చాం. ఇవాళ బయటికెళ్లే చెప్పులు తీసి, 'ఈ ఆదివారం కూడా వాడు రాకపోతే వీటిని ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా, నాకింక వీటితో పనిలేదు' అన్నారు. ఏం చెప్పమంటారు?"

"వస్తా."

"ఇంకేమైనా చెప్పాలా?"

"వస్తానని చెప్పండి."

కారు పాడైందన్న రెండు మాటలు అప్పుడైనా నోటివెంట రాలేదు.

విడిభాగాల కొట్టాయన పార్సిల్లో పంపిన సీళ్లూ రింగులూ ఉన్న పొట్లం అప్పటికే ఇంట్లో ఉంది. కొత్త పంపు లేకపోతేనేం, పాతదాన్నే విప్పి, కొత్త సీళ్లేసి బిగిస్తే సరి. గడియారాల లోపలి చక్రాలన్నీ కంఠస్థమైనవాడికి ఇదో లెక్కా? అలా అనుకునే శనివారం సెలవు పెట్టాడు.

బానెట్ ఎత్తి, ముందు పంపుకు నూనె అందించే డబ్బాలో మిగిలిన నూనెను పెద్ద సిరంజితో పీల్చేశాడు. కాఫీ డికాక్షన్‌లా నల్లబడిపోయి ఉంది. బెల్టు వదులుచేసి తప్పించాడు. పంపుకున్న రెండు గొట్టాలూ విప్పి, వాటి మూతుల్లో శుభ్రమైన గుడ్డపీలికలు కుక్కాడు. బిగించిన బోల్టులు మూడు. బెల్టు తిరిగే చక్రానికున్న కంతల్లోంచి పానా దూర్చితే తప్ప అందవు. రెండు సులువుగానే వచ్చాయి. మూడోది మొండికేసింది. బలంకొద్దీ లాగితే పానా జారి, వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుని తోలు లేచింది. "అబ్బా" అన్నాడు. వినేవాళ్లెవరూ లేరు గనక రెండోసారి అనలేదు.

పంపును రెండు చేతులతో పట్టుకుని రెండంతస్తులు ఎక్కి తెల్లగుడ్డ మీద పెట్టేసరికి పన్నెండయింది. ఇక అక్కణ్నించి ఆయన రాజ్యం. వెనక మూత తీశాడు. లోపల కోడిగుడ్డు ఆకారపు కంతతో ఒక ఉక్కు కడియం, దాని మధ్య తిరిగే చక్రం, చక్రానికి పది గాడులు, గాడికో చిన్న ఉక్కు రేకు. చక్రం తిరిగినప్పుడు ఆ పది రేకులూ బయటికి జరిగి, కడియం గోడను రాసుకుంటూ నూనెను తోస్తాయి. ఆ తోపుడు బలంతోనే మన చేతిలో స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంది. అంతటి బరువు మోసేది ఈ బుల్లి రేకులా అని ఆయనకు ముచ్చటేసింది. ఒక్కో రేకుకు ఒక అంచు గుండ్రంగా ఉంది, అది బయటివైపుకు రావాలి. ఏ గాడిలోది ఆ గాడికే వెళ్లేలా, వచ్చిన వరసలో ఎడమనుంచి కుడికి పేర్చాడు. ఇరుసు చుట్టూ ఉండే సీలు ఎండి, రాయిలా గట్టిపడి, నెర్రెలిచ్చి ఉంది. "నువ్వేనా దొంగవి" అన్నాడు దాంతో. ఆ రోజంతా ఆయన మాట్లాడిన పూర్తి వాక్యం అదొక్కటే.

అన్నిటినీ పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, భూతద్దంలో చూసి, మళ్లీ తుడిచాడు. పాత సీలు తీసి కొత్తది నొక్కాడు. తరవాత గడియారాలకు వాడే సన్నటి సూది తీసుకుని, నూనెలో ముంచి, ఒక్కో రేకుకు ఒక్కొక్క చుక్క పెట్టాడు. ఇరుసుకు ఒక చుక్క, రింగుకు ఒక చుక్క. గడియారంలో నూనె ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుంది, గడియారం ఆగిపోతుంది. చుక్క దాటకూడదు. ఆయన చేతికి ముప్పయ్యెనిమిదేళ్లుగా అబ్బిన నిగ్రహం అది. మాటల విషయంలో కూడా అదే నిగ్రహం పాటించాడని అక్క దెప్పుతూ ఉంటుంది, అది వేరే సంగతి.

ఆదివారం ఉదయం పంపు కారులో బిగించాడు. బెల్టు వేశాడు, డబ్బా నిండా కొత్త నూనె పోశాడు, తాళం తిప్పాడు. తోక తొక్కిన పిల్లిలా కారు గుండెలవిసేలా అరిచింది. మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో "ఏంటండీ ఆ గోల, ఆదివారం పూట!" అన్నారు. స్టీరింగు బండలాగే ఉంది. డబ్బాలో నూనె చుక్కైనా తగ్గలేదు. వెంటనే ఇంజను ఆపేశాడు. నర్సమ్మ చేతిలో చెప్పులు కళ్లముందు కదిలాయి.

విడిభాగాల కొట్టాయనకు ఫోన్ చేసి "పంపు అరుస్తోంది" అన్నాడు.

"రేకులు నూనెలో ముంచే బిగించారా సార్?" అనడిగాడతను.

"నూనె వేశా."

"ఎంత వేశారు?"

"రేకుకో చుక్క."

అవతల పెద్ద నవ్వు.

"సార్, ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"గడియారాలు."

"అదీ సంగతి! సార్, ఇది గడియారం కాదు, నూనె తాగి బతికే జీవి. మొత్తం సామాను నూనెలో ముంచి, మోచేతుల దాకా కారుతుండగా బిగించాలి. పొడిగా పెడితే రేకులు గాడుల్లో ఇరుక్కుపోతాయి, బయటికి రావు, నూనె లాగవు. ఎక్కువసేపు తిప్పలేదు కదా?"

"లేదు."

"అయితే బతికిపోయింది. మళ్లీ విప్పి ముంచి పెట్టండి. ఆ తరవాత లోపలి గాలి తియ్యాలి, దానికి ఇద్దరుండాలి. ఒకరు స్టీరింగు ఈ చివర్నించి ఆ చివరికి తిప్పుతుంటే ఇంకొకరు డబ్బాలో బుడగలు చూస్తూ నూనె పోస్తుండాలి. ఇంట్లో ఎవరైనా ఉన్నారుగా?"

"ఉన్నారు" అన్నాడు గడియారం సార్.

ఎందుకలా అబద్ధమాడాడో ఆయనకే తెలియలేదు. ఎవరూ లేరని ఒక పరాయి మనిషికి చెప్పడం, పానా తగిలిన వేళ్లకంటే ఎక్కువ నొప్పిగా అనిపించింది.

మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం. మళ్లీ బెల్టు, మళ్లీ గొట్టాలు, మళ్లీ ఆ కంతల్లోంచి మూడు బోల్టులు. నిన్న రోజంతా పట్టిన పని ఇవాళ చేతులకు తెలుసు గనక మూడు గంటల్లో అయింది. పంపు మూత తీస్తే పదింట్లో ఆరు రేకులు గాడుల్లోనే ముడుచుకుని ఉన్నాయి. అన్నం వండుకునే గిన్నెలో నూనె పోసి, అన్నిటినీ అందులో పడేశాడు. తెల్లగుడ్డ మీద నూనె మరకలు పాకుతుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా మోచేతుల దాకా కారుతుండగానే బిగించాడు.

రెండున్నరకు పంపు కారులోకి ఎక్కింది. ముందు చక్రాలు పైకెత్తి దిమ్మెలు పెట్టి, ఇంజను ఆపి ఉంచే, గాలి తియ్యడం మొదలుపెట్టాడు. లోపల కూర్చుని స్టీరింగు ఎడమ చివరికి తిప్పుతాడు, కుడి చివరికి తిప్పుతాడు. తలుపు తీసుకుని దిగి, ముందుకు పరిగెత్తి డబ్బాలోకి తొంగిచూస్తాడు. బుడగలు వచ్చి పగిలిపోయి ఉంటాయి. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియదు. మళ్లీ ఎక్కుతాడు, తిప్పుతాడు, దిగుతాడు, పరిగెత్తుతాడు. అలా పదకొండుసార్లు తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బాలో మాత్రం ఇంకా నురగే.

ఐదు నిమిషాలు ఎవరైనా స్టీరింగు పట్టుకుంటే చాలు. పైకెళ్లి ఎదురింటి తలుపు ముందు నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ తలుపుకు ఎదురుగానే ఉంటున్నాడు. లోపల టీవీ మోగుతోంది, పిల్లలెవరో నవ్వుతున్నారు. గంట నొక్కడానికి వేలు ఎత్తాడు. "ఏమండీ, ఒక్క ఐదు నిమిషాలు" అని లోలోపల అనుకుని చూసుకున్నాడు. బాగోలేదు. "మీరు ఖాళీయేనా" అనుకున్నాడు. అదీ బాగోలేదు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ బాగున్నారా అని అడగనివాడు, ఇవాళ వచ్చి కారులో కూర్చోమంటే వాళ్లేమనుకుంటారు? గంటకీ వేలికీ మధ్య అంగుళం దూరం కూడా లేదు. అయినా వేలు దించేసి మెట్లు దిగాడు. తనమీద తనకే జాలేసింది, కోపమూ వచ్చింది.

మూడున్నరకు దిమ్మెలు తీసి ఇంజను స్టార్టు చేశాడు. ఈసారి అరుపు లేదు గానీ మూలుగుంది. స్టీరింగు తిరుగుతోంది, మధ్యమధ్య పట్టేస్తోంది. ఇంతకన్నా తన ఒక్కడివల్ల కాదు. నూనె సీసాను అక్క కూర్చునే సీట్లో పెట్టి, కారును రోడ్డు ఎడమపక్కనే ఉంచి, ఎద్దుబండితో సమానంగా పోనిచ్చాడు. ఆశ్రమం గేటు ముందుకు చేరేసరికి నాలుగూ ఇరవై.

అక్క బెంచీ మీదే ఉంది. కాళ్లకు గదిలో వేసుకునే రబ్బరు చెప్పులు. బయటి చెప్పుల జత కాగితం సంచీలో ఒళ్లో ఉంది. కారు చప్పుడు వినగానే తలెత్తింది.

"ఆ మూలుగేంట్రా?" అంది.

మూడు వారాల తరవాత మొదటి మాట అది. ఆయన దిగి పక్కన నిలబడ్డాడు. ఆమె గాలిలో చెయ్యి చాపి, ఆయన చొక్కా అందుకుని, మణికట్టు దాకా తడుముకుంటూ వచ్చి ఆగింది.

"నూనె కారుతున్నావేంటి? ఈ వేళ్లకేమైంది?"

"పంపు పాడైందక్కా. స్టీరింగుది. విప్పి బాగుచేశా."

"పంపా?" అంది అక్క. "ఆ రోజు నేనలా అరిచానని కోపమొచ్చి మానేశావనుకున్నాను. ముసల్దాన్ని మోసుకు తిరగడం విసుగేసిందనుకున్నాను. పంపు పాడైందని ఫోన్లో చెబితే నీ సొమ్మేం పోయేదిరా, సన్నాసీ?"

"లోపల ఇంకా గాలుందక్కా" అన్నాడు. "తియ్యాలంటే ఇద్దరుండాలి."

"ఇద్దరం ఉన్నాంగా" అంది అక్క, చెప్పులు మార్చుకుంటూ.

కారును లోపలి ఆవరణలోకి తెచ్చి, చెయ్యి పట్టుకుని ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. ఆరేళ్ల తరవాత ఆ సీటు. ఆమె కాళ్లు వాటంతటవే పెడళ్లను వెతుక్కున్నాయి. చేతులు స్టీరింగు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి తమ చోట్లో ఆగాయి. ఆయన ఇంజను స్టార్టు చేసి, ముందుకొచ్చి, నూనె సీసాతో డబ్బా మీదకు వంగాడు.

"ఎడమకు, చివరిదాకా. ఇప్పుడు కుడికి."

పట్టేసినచోట కూడా అక్క చెయ్యి తడబడలేదు. ఆ కాలం వ్యానుకు ఇలాంటి పంపులూ గింపులూ లేవు, మొండి స్టీరింగుతోనే ఇరవైరెండేళ్లు లాక్కొచ్చింది. డబ్బాలో బుడగలు జలజలా పైకొచ్చాయి. ఆయన నూనె పోశాడు.

"ఊరికే తిప్పలేను గానీ, ఏం జరిగిందో మొదట్నించి చెప్పు" అని కేకేసింది.

చెప్పాడు. కాఫీ రంగు నూనెనుంచి మొదలుపెట్టి, మూడో బోల్టు, పది రేకులు, దొంగ సీలు, అన్నీ ఇంజను చప్పుడు మీదుగా అరిచి చెప్పాడు. రేకుకో చుక్క నూనె వేశానన్నప్పుడు అక్క స్టీరింగు మీద పడి పడి నవ్వింది. ఎదురింటి గంట నొక్కలేకపోయిన సంగతి కూడా చెప్పేశాడు. దానికి అక్క నవ్వలేదు. "వచ్చే వారం వాళ్లను పలకరించి వచ్చి నాకు చెప్పు" అంది.

నురగ తగ్గింది. బుడగలు ఒకటీ అరా అయ్యాయి. కాసేపటికి అవీ పోయాయి. మూలుగు ఆగింది, డబ్బాలో నూనె కదలకుండా నిలిచింది. ఇంక చాలు అందామని నోరు తెరిచి తలెత్తాడు. ఎత్తిన బానెట్ కింది సందులోంచి అక్క కనిపించింది. వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, కనపడని రోడ్డు మీద పెద్ద మలుపు తిప్పుతోంది. వ్యాను నడిపిన రోజుల్లో చూసిన ముఖం అది. ఆశ్రమంలో చేరాక మళ్లీ చూడలేదు.

"పోయాయా బుడగలు?" అంది.

"ఇంకా ఉన్నాయక్కా. తిప్పు."

తిప్పింది. నర్సమ్మ ఒకసారి వచ్చి, ఇద్దరినీ చూసి వెళ్లిపోయింది. ఆరింటికి పది నిమిషాలుంది. షికారుకు ఎక్కడికీ వెళ్లనే లేదు.

"ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఒరే, మూలుగు ఆగిపోయి పావుగంటయింది. నాకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు."

గడియారం సార్ ఖాళీ అయిపోయిన నూనె సీసాకు మూత బిగించాడు.

"మరెందుకు తిప్పుతున్నావు?" అనడిగాడు.

"నువ్వు తిప్పమన్నావుగా" అంది అక్క, స్టీరింగు మళ్లీ ఎడమకు తిప్పుతూ.